అడ్డు – గ్రంథపాతం – పూరణ: ఇరుకు చోట్ల తీసిన రైలు ఛాయాచిత్రాల్లో తొలగింపు నీతి

వ్యాససంగ్రహం:

రైలును ఛాయాచిత్రంలో నిలపడం ప్రధానంగా చోటుకు సంబంధించిన సమస్య. స్తంభాలు, తీగలు, కంచెలు, గోడలు, జనం నడుమ ఛాయాచిత్రకారులకు దొరికేది ఒక ఇరుకైన నిలుచోటు. అక్కడి నుంచి తీసిన చిత్రంలో రైలుకు అడ్డుపడిన వస్తువును తర్వాత చెరిపివేయవచ్చునా, చెరిపితే ఆ సంగతి చెప్పాలా అనేది ఈ వ్యాసంలో చర్చనీయాంశం. మానే, మొనే చిత్రాలు, హెన్రీ కార్టియే-బ్రెస్సోఁ, ఓ. విన్‌స్టన్ లింక్ ఛాయాచిత్రాలు ఇక్కడ ప్రధాన ఉదాహరణలు. వాటిని పరిశీలించడానికి తెలుగు పాఠపరిష్కరణలోని గ్రంథపాతం, ప్రక్షిప్తం, పూరణ అనే భావనలు పనిముట్లు. ఛాయాచిత్రంలో శుద్ధమైన తొలగింపు లేదని, ప్రతి తొలగింపూ ఒక పూరణేనని, ప్రకటించని పూరణ ప్రక్షిప్తమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రైలు ఛాయాచిత్రణ, అడ్డు, కత్తిరింపు, తొలగింపు, గ్రంథపాతం, ప్రక్షిప్తం, పూరణ, పాఠపరిష్కరణ.

1. ఉపోద్ఘాతం:

చెట్టును ఛాయాచిత్రం తీసేవారు దాని చుట్టూ తిరిగి అనువైన కోణాన్ని వెతుక్కోవచ్చు. మనిషిని తీసేవారు రెండడుగులు పక్కకు జరగమనవచ్చు. రైలు విషయంలో ఈ రెండూ కుదరవు. దాని దారి ముందే వేసి ఉంటుంది. అది వచ్చే వేళ ఛాయాచిత్రకారుల చేతిలో ఉండదు. వచ్చినా కొన్ని సెకన్లలో దాటిపోతుంది. పైగా ఆ దారి పొడవునా రైలు నడవడానికి అవసరమైన సామగ్రే రైలు కనబడకుండా నిలబడి ఉంటుంది. రైలు తన అడ్డులను తానే వెంటబెట్టుకొని వస్తుందని చెప్పవచ్చు.

ఈ ఇబ్బందికి సాంకేతికత ఒక సులువైన దారి చూపింది. 1990లో ఫొటోషాప్ విడుదలైంది. 2010 నాటికి, ఎంచుకున్న వస్తువును తీసేసి చుట్టుపక్కల ఉన్నదానిని బట్టి ఖాళీని తానే నింపే సదుపాయం అందులో చేరింది. 2021లో గూగుల్ పిక్సెల్ ఫోన్‌లో ఇటువంటి పనిని వేలితో చేసే వీలు వచ్చింది. 2023 నుంచి కృత్రిమ మేధ ఆ ఖాళీలో పూర్తిగా కొత్త దృశ్యాన్ని కల్పించగలుగుతోంది. ఒకప్పుడు చీకటిగదిలో నేర్పరి గంటల తరబడి కుంచెతో చేసిన పని ఇప్పుడు ఒక క్షణంలో అవుతోంది. పని సులువైన కొద్దీ దాని గురించి ఆలోచించే వ్యవధి తగ్గింది.

ఈ ప్రశ్న ఛాయాచిత్రకళకే పరిమితమైనదిగా కనిపించవచ్చు. కాని ఒక సాక్ష్యంలో కనబడని భాగాన్ని ఏం చేయాలి, అక్కరలేదనిపించిన భాగాన్ని తీసివేయవచ్చునా, ఖాళీని ఎవరు ఏ అధికారంతో నింపాలి అనే ప్రశ్నలు తాళపత్ర ప్రతులతో పనిచేసిన తెలుగు పరిష్కర్తలకు కొత్తవి కావు. ఆ క్రమశిక్షణ ఏర్పరచిన పదజాలం ఈ కొత్త సమస్యను తేటపరచగలదన్నది ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

2. ఇరుకు స్వరూపం:

భారతీయ రైల్వేల విద్యుదీకరణ 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తుతో జరుగుతుంది. పట్టాల పైనున్న తీగను మోసే స్తంభాల మధ్య దూరం గరిష్ఠంగా 72 మీటర్లు. వంపుల్లో ఆ దూరం ఇంకా తగ్గుతుంది. నేటి ఎల్.హెచ్.బి. పెట్టె పొడవు సుమారు 24 మీటర్లు. అంటే తిన్నని దారిలో కూడా మూడు పెట్టెలకు ఒక స్తంభం చొప్పున వస్తుంది. రెండు లైన్ల మార్గంలో ఇరువైపులా స్తంభాలుంటాయి కనుక ఏ పక్క నుంచి చూసినా ఒక వరుస రైలుకు ముందు నిలుస్తుంది. పూర్తి రైలును పక్కనుంచి, ఏ అడ్డూ లేకుండా తీయడం విద్యుదీకరించిన మార్గంలో దాదాపు అసాధ్యం.

తెలుగు నేలపై దీనికి రెండు ఉదాహరణలు చాలు. రాజమహేంద్రవరం–కొవ్వూరు మధ్య గోదావరిపై 1997లో వాడుకలోకి వచ్చిన కమాను వంతెన 28 ఖానాలది. రైలు జంట కమానుల మధ్య నుంచి పోతుంది. కమాను నుంచి దిగిన నిలువు వేలాడులు పక్కనుంచి చూసేవారికి రైలును ముక్కలుగా కోస్తాయి. ఆ వంతెన అందమూ ఆ కమానే, రైలుకు అడ్డూ ఆ కమానే. రెండో ఉదాహరణ కొత్తవలస–కిరండూల్ మార్గం. అరకు కొండల మీదుగా పోయే ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. ఒకవైపు కొండ, మరోవైపు లోయ ఉన్నచోట మనిషి నిలబడే వీలే తక్కువ. అక్కడి చిత్రాల్లో చాలావాటిని అదే రైలులో కూర్చొని, వంపు తిరిగేటప్పుడు ముందున్న ఇంజను వైపు గురిపెట్టి తీస్తారు. అప్పుడు కిటికీ ఊచలే అడ్డు.

ఇరుకును దాటడానికి మరో మార్గం పట్టాల మీదికి పోవడం. అనుమతి లేకుండా రైల్వే ఆవరణలో ప్రవేశించడం రైల్వే చట్టం, 1989లోని 147వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. చట్టాన్ని పక్కనబెట్టినా 25,000 వోల్టుల తీగ తాకకుండానే ప్రాణం తీయగలదు. పొడవైన కర్రకు కెమెరా కట్టి ఎత్తడం కూడా ప్రాణాంతకమే. అందువల్ల తొలగింపు నీతిని గురించిన ఏ చర్చ అయినా ఈ వాస్తవాన్ని లెక్కలోకి తీసుకోవాలి. స్తంభాన్ని తెరమీద చెరపడం తప్పా అని అడిగేవారు, దానిని తప్పించుకోవడానికి పట్టాల మధ్యకు పోవడం ఒప్పా అని కూడా అడగవలసి ఉంటుంది.

రైలు చిత్రంలోని అడ్డులు మూడు తెరగులు. మొదటివి రైల్వేకే చెందినవి: స్తంభాలు, తీగలు, సిగ్నళ్లు, కంచెలు. రెండోవి చోటుకు చెందినవి: చెట్లకొమ్మలు, గోడలు, ప్రకటన పలకలు, ఎగిరే ప్లాస్టిక్ సంచులు. మూడోవి మనుషులు: ప్రయాణికులు, కూలీలు, పట్టాలపై పనిచేసే సిబ్బంది. ఈ మూడింటినీ ‘అడ్డు’ అనే ఒకే మాటతో పిలవడంలోనే సమస్య మొదలవుతుంది.

3. అడ్డునే వస్తువుగా స్వీకరించిన దృష్టి:

పారిస్‌లోని సేంట్ లజార్ రైల్వే స్టేషన్ ఈ చర్చకు అరుదైన ఆధారాన్నిస్తుంది. అరవై ఏళ్ల వ్యవధిలో ముగ్గురు కళాకారులు ఆ స్టేషన్ పరిసరాల్లోనే అడ్డును మూడు విధాలుగా ఎదుర్కొన్నారు.

ఎడ్వార్డ్ మానే 1873లో వేసిన ‘రైల్వే’ చిత్రంలో రైలు కనిపించదు. ఒక స్త్రీ పుస్తకంతో కూర్చొని చూపరుల వైపు చూస్తుంది. పక్కన ఒక బాలిక వీపు మనవైపు పెట్టి, ఇనుప కంచె ఊచల్లోంచి అవతలికి చూస్తూ ఉంటుంది. కంచె వెనుక ఉన్నది తెల్లని ఆవిరి. 1874 సలోన్‌లో ప్రదర్శించినప్పుడు ఆ ఊచలను బందీఖానా కటకటాలతో పోల్చి వ్యంగ్యచిత్రాలు వచ్చాయి. రైల్వే అని పేరు పెట్టి రైలును చూపకపోవడం నాటి ప్రేక్షకులకు లోపంగా తోచింది. కాని నగరంలోని సామాన్యులకు రైల్వే కనిపించేది సరిగ్గా అలాగే: ఊచల వెనుక, పొగ చాటున. మానే కంచెను తీసివేసి ఉంటే రైలు కనబడేది, రైల్వేతో ఆ బాలికకున్న సంబంధం కనబడేది కాదు.

1877లో క్లాడ్ మొనే ఇదే స్టేషన్‌ను పన్నెండు చిత్రాల వరకు వేశాడు. వాటిలో ‘సిగ్నల్’ అనే చిత్రం ప్రత్యేకంగా గమనించదగినది. స్టేషన్ బయటి పట్టాల దృశ్యానికి ముందు పెద్ద సిగ్నల్ పలక నల్లగా నిలబడి దృశ్యంలో కొంత భాగాన్ని కప్పేస్తుంది. చిత్రకారుడికి ఏ నిర్బంధమూ లేదు. ఆ పలకను వేయకుండా వదిలేస్తే అడిగేవారు లేరు. అయినా వేశాడు. చిత్రకారులకు లేని నియమం ఛాయాచిత్రకారులకు ఎందుకని ప్రశ్నించేవారికి ఈ చిత్రం ఒక జవాబు. వదిలేసే స్వేచ్ఛ పూర్తిగా ఉన్నవాడే అడ్డును ఉంచడానికి ఎంచుకున్నాడంటే, అడ్డుకు చిత్రార్థంలో ఏదో పాత్ర ఉన్నట్టే.

4. కత్తిరింపు:

మూడో ఉదాహరణ ఛాయాచిత్రం. హెన్రీ కార్టియే-బ్రెస్సోఁ 1932లో సేంట్ లజార్ స్టేషన్ వెనుక తీసిన చిత్రంలో ఒక మనిషి నీటిగుంట మీదుగా దూకుతూ గాలిలో ఉంటాడు. మడమ నీటిని తాకబోయే క్షణం అది. నిశ్చల జలంలో అతని ప్రతిబింబం, వెనుక గోడమీది పోస్టర్‌లో అతనిలాగే ఎగిరిన నర్తకి బొమ్మ ఉంటాయి. ‘నిర్ణాయక క్షణం’ అనే భావనకు ఈ చిత్రాన్ని ప్రతీకగా చెప్పడం పరిపాటి. దీని వెనుక ఉన్న చోటు గురించిన చర్చ తక్కువ.

ఆ చిత్రం పలకల కంచె సందులోంచి తీసినది. సందు కటకం పట్టేంత మాత్రమే ఉంది. దర్శనిలోంచి చూసే వీలు లేదు. తత్ఫలితంగా నెగెటివ్‌లో ఎడమవైపు కొంతభాగం కంచె నీడతో నిండిపోయింది. ముద్రణలో ఆ భాగాన్ని కత్తిరించారు. తీసిన చిత్రాన్ని తర్వాత కత్తిరించకూడదని గట్టిగా నమ్మిన ఛాయాచిత్రకారుడి అత్యంత ప్రసిద్ధ చిత్రమే కత్తిరించినది కావడం విశేషం. కాని దీనిని ద్వంద్వనీతిగా కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది.

కత్తిరింపు చిత్రంలోంచి కొంత తీసేస్తుంది, చిత్రానికి ఏమీ చేర్చదు. కంచె నీడ పోయింది గాని, ఆ నీడ వెనుక ఏముందో కల్పించి చూపలేదు. మిగిలిన ప్రతి అంగుళం కటకం చూసినదే. పాఠపరిష్కరణ పరిభాషలో ఇది సంగ్రహం. ఒక కావ్యంలోంచి కొన్ని పద్యాలు ఎంచి సంకలనం చేసినవారు కవి చెప్పనిది కవి చెప్పినట్టు చూపరు. అయితే సంగ్రహం కూడా తప్పుదారి పట్టించగలదు. పక్కనున్న గుంపును కత్తిరిస్తే ఒంటరితనం కనిపిస్తుంది. కనుక కత్తిరింపు నిర్దోషమని కాదు, దాని దోషం వేరు జాతికి చెందుతుందని మాత్రం గుర్తించాలి.

ఈ భేదానికి సంస్థల స్థాయిలోనూ గుర్తింపు ఉంది. 2010లో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ స్టెపాన్ రుడిక్ చిత్రాన్ని అనర్హమని ప్రకటించింది. మూలచిత్రాన్ని అతను చాలా మేరకు కత్తిరించాడు, నలుపు-తెలుపులోకి మార్చాడు. అనర్హతకు కారణం అవి కావు. ఒక చేతి వెనుక కొద్దిగా కనిపించిన మరొకరి పాదపు కొసను చెరిపివేయడం కారణం. చిత్రంలో సగానికి పైగా పోవడం సమ్మతం, ఒక పాదపు కొస పోవడం అసమ్మతం. పరిమాణాన్ని బట్టి చూస్తే ఇది వింతగా ఉంటుంది. జాతిభేదాన్ని బట్టి చూస్తే తార్కికంగా ఉంటుంది.

5. చీకటితో కప్పిన అడ్డు:

అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఓ. విన్‌స్టన్ లింక్ 1955–60 మధ్య నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వేలో చివరి దశకు చేరిన ఆవిరి ఇంజన్లను ఎక్కువగా రాత్రివేళ తీశాడు. సూర్యుడిని గాని పట్టాలను గాని తాను కదపలేడు కనుక వెలుగును తానే కల్పించుకోవాలన్నది అతని వాదం. పదుల కొద్దీ ఫ్లాష్ బల్బులను తీగలతో కలిపి, రైలు వచ్చిన క్షణంలో ఒక్కసారిగా వెలిగించేవాడు. వెలుగు పడినది కనిపిస్తుంది, పడనిది చీకటిలో కలిసిపోతుంది. పగటిపూట తీసేవారికి తలనొప్పి అయిన పరిసరాల గందరగోళం అతని చిత్రాల్లో ఉండదు. అతను దానిని చెరపలేదు, వెలిగించలేదు.

చీకటి ఇక్కడ గ్రంథపాతాన్ని గ్రంథపాతంగానే ఉంచుతుంది. చూపరులకు ఆ నల్లని భాగంలో ఏదో ఉందని, అది తమకు తెలియదని తెలుసు. ఇది నిజాయితీగల దాపరికం.

కాని లింక్ రచనలోనే దీనికి విరుద్ధమైన ఉదాహరణా ఉంది. 1956లో పశ్చిమ వర్జీనియాలోని ఏగర్ వద్ద తీసిన ‘హాట్‌షాట్ ఈస్ట్‌బౌండ్’లో కార్లలో కూర్చొని సినిమా చూసే ఆరుబయట ప్రదర్శనశాల, దాని పక్కనుంచి దూసుకుపోయే రైలు కనిపిస్తాయి. తెరమీద ఒక విమానం ఉంటుంది. ఫ్లాష్ వెలుగుకు తెర తెల్లబోయింది కనుక ఆ విమానపు బొమ్మను మరో నెగెటివ్ నుంచి తెచ్చి చేర్చాడు. ముందున్న కారు అతనిదే, అందులోని జంట అతను కూర్చోబెట్టినదే. ఇది పూరణ. ఈ సంగతి ఈనాడు అందరికీ తెలిసినదే కనుక చిత్రం విలువ తగ్గలేదు. రైలు, కారు, విమానం అనే మూడు వాహనాలు ఒకదాని కాలాన్ని మరొకటి మింగే క్రమం ఆ పూరణ వల్లనే సిద్ధించిందని విమర్శకులు వ్యాఖ్యానించగలుగుతున్నారు. తెలిసిన పూరణ విమర్శకు అందుతుంది, తెలియనిది అందదు.

6. తొలగింపు అనే పూరణ:

స్తంభాన్ని ‘తీసేశాం’ అనే మాట అయథార్థం. స్తంభం కటకానికి, రైలుకు మధ్య ఉంది. దాని వెనుక ఉన్న పెట్టెభాగం మీది కాంతి కటకాన్ని చేరనే లేదు. స్తంభాన్ని చెరిపినచోట కనిపించే కిటికీ, రంగుపట్టీ, అక్షరం ఎవరో కల్పించినవి. ఆ ఎవరో మనిషి కావచ్చు, పక్క బిందువులను నకలు చేసే గణితం కావచ్చు, లక్షల చిత్రాల సగటునుంచి ఊహించే కృత్రిమ మేధ కావచ్చు. ఏదైనా అది తొలగింపు కాదు, పూరణ. కత్తిరింపుకు, చీకటికి, తొలగింపుకు ఉన్న మౌలికభేదం ఇదే.

తాళపత్రంలో పురుగు తిన్నచోట, విరిగినచోట ఏర్పడే లోపాన్ని గ్రంథపాతం అంటారు. దాని విషయంలో పరిష్కర్త ముందు మూడు దారులుంటాయి. చుక్కలు పెట్టి లోపాన్ని చూపడం మొదటిది. ఇతర ప్రతుల్లోంచి పాఠాన్ని తెచ్చి, ఏ ప్రతినుంచి తెచ్చారో చెప్పడం రెండోది. తానే రాసి కవి పేరిట కలిపివేయడం మూడోది. మూడోదాని ఫలితమే ప్రక్షిప్తం. ఛాయాచిత్రానికి ఈ మూడూ యథాతథంగా వర్తిస్తాయి. స్తంభాన్ని ఉంచడం మొదటిది. అదే రైలును అదే చోటునుంచి క్షణం తేడాతో తీసిన మరో చిత్రంలోంచి ఆ భాగాన్ని తెచ్చి, ఆ విషయం చెప్పడం రెండోది. రైలు కదులుతుంది కనుక, స్తంభం చాటున ఉన్న కిటికీ మరుక్షణం బయటపడుతుంది. ఈ వెసులుబాటు ప్రతిభేదాల సహాయంతో పాఠనిర్ణయం చేయడంవంటిదే. యంత్రం కల్పించిన కిటికీని చెప్పకుండా అతికించడం మూడోది.

తెలుగు సాహిత్యం పూరణను తప్పుగా చూడలేదు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఎఱ్ఱన నన్నయ శైలికి దగ్గరగా రచించాడు. అతుకు కనబడకూడదన్నది అతని ఆశయం. అయినా ఆ శేషాన్ని పూరించినది తానని పర్వాంతంలో నమోదు చేశాడు. పోతన భాగవతంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయవి అని పాఠకులకు తెలుస్తున్నదంటే స్కంధాంత గద్యలు ఆ పేర్లను దాచకపోవడం వల్లనే. అతుకు కనబడనంత నేర్పు, అతుకు వేశానని చెప్పే నిజాయితీ – ఈ రెండింటికీ వైరుధ్యం లేదని ఈ సంప్రదాయం నిరూపించింది. నేటి చిత్రసవరణ మొదటిదానిని సాధించి రెండోదానిని మరిచింది.

ప్రకటించని పూరణ ప్రమాదం ఆ ఒక్క చిత్రంతో ఆగదు. 1970 మే 4న అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కాల్పుల తర్వాత జాన్ ఫైలో తీసిన చిత్రానికి 1971లో పులిట్జర్ బహుమతి లభించింది. నేలకొరిగిన విద్యార్థి పక్కన మోకరిల్లి ఆక్రోశిస్తున్న యువతి తల వెనుక ఒక కంచె స్తంభం ఉంది. 1995లో లైఫ్ పత్రిక ప్రచురించిన ప్రతిలో ఆ స్తంభం లేదు. తమ చిత్రశాలలో ఉన్న ప్రతే అలా ఉందని పత్రిక బాధ్యులు వివరించారు. అంటే మార్చిన ప్రతి మాతృకగా చలామణి అయింది. ఒక లేఖకుడి చేర్పు తర్వాతి ప్రతులన్నిటికీ మూలపాఠంగా మారే క్రమం తెలుగు పరిశోధకులకు సుపరిచితమే. ఆ స్తంభం పోవడం వల్ల ఏ వాస్తవమూ తారుమారు కాలేదు. కాని ఆ ప్రతిని నమ్మినవారికి తాము మార్చిన ప్రతిని చూస్తున్నామని తెలియలేదు.

రైలు చిత్రాల్లో ఈ నష్టం మరింత కచ్చితంగా లెక్కకు వస్తుంది. భారతీయ రైలుపెట్టె సంఖ్యలో మొదటి రెండు అంకెలు దాని తయారీ సంవత్సరాన్ని సూచిస్తాయి. పెట్టెమీది అక్షరాలు అది ఏ రైల్వే మండలానిదో చెబుతాయి. స్తంభం చాటున ఉన్న అంకెను యంత్రం ఊహించి నింపితే ఒక తప్పుడు చారిత్రకాధారం పుడుతుంది. అంతకంటె సూక్ష్మమైనది తీగల విషయం. విద్యుత్ తీగల కింద డీజిల్ ఇంజను లాగుతున్న రైలు ఒక సంధికాలపు దృశ్యం. అందంకోసం తీగలను, స్తంభాలను చెరిపితే ఆ చిత్రం విద్యుదీకరణకు ముందు కాలానిదిగా కనిపిస్తుంది. ఇక విద్యుత్ ఇంజను మీది తీగలను చెరిపితే ఆ రైలు నడిచే కారణమే చిత్రంలోంచి పోతుంది.

7. పూర్వపక్షం – సమాధానం:

తొలగింపును సమర్థించే వాదాలు బలహీనమైనవి కావు.

మొదటి వాదం మానవదృష్టికి సంబంధించినది. పట్టాల పక్కన నిలబడి రైలును చూసేవారి కంటికి స్తంభం అడ్డనిపించదు. మనసు దానిని పక్కనబెట్టి రైలును మొత్తంగా గ్రహిస్తుంది. కెమెరాకు ఆ మనసు లేదు. అందువల్ల స్తంభాన్ని చెరపడం అనుభవానికి దగ్గరవడమే అంటారు. ఇందులో సత్యం ఉంది. కాని చూపరుల మనసుకూ ఆ శక్తి ఉంది. తీసినవారు స్తంభాన్ని పక్కనబెట్టి రైలును చూడగలిగినట్టే, చిత్రాన్ని చూసేవారూ చూడగలరు. ఆ పని వారికి వదలకుండా ముందే చేసిపెట్టడం చూపరులను తక్కువగా అంచనా వేయడమే.

రెండో వాదం అన్ని చిత్రాలూ ఎంపికలే అన్నది. కటకం, కోణం, క్షణం, రంగు – అన్నీ వాస్తవాన్ని మార్చేవే అయినప్పుడు ఒక్క స్తంభం దగ్గర నీతి ఎందుకని అడుగుతారు. రోలాఁ బార్త్ ‘కెమెరా లూసిడా’ (1980)లో ఛాయాచిత్ర సారాన్ని, ఆ వస్తువు ఒకప్పుడు కటకం ముందు ఉండి తీరిందన్న నిశ్చయంలో గుర్తించాడు. కోణం, క్షణం, రంగు ఆ నిశ్చయాన్ని సడలించవు. కల్పించిన కిటికీ సడలిస్తుంది. ఎంపికకు, కల్పనకు నడుమ గీత సన్ననిదే కాని, లేనిది కాదు.

మూడో వాదం భద్రత. ఇది అన్నిటికంటె గౌరవించదగినది. స్తంభాన్ని తప్పించడానికి కంచె దూకి పట్టాలమీదికి పోవడం కంటె, అనుమతి ఉన్న చోటనుంచే తీసి తర్వాత చెరపడం నిస్సందేహంగా మేలు. స్వచ్ఛమైన మూలచిత్రం మీది మక్కువ ప్రాణంమీదికి తేకూడదు. అయితే ఈ వాదం తొలగింపును సమర్థిస్తుంది గాని, దాని గురించిన మౌనాన్ని సమర్థించదు. పైగా అడ్డులేని చిత్రాలు వివరణ లేకుండా వ్యాపిస్తే, అటువంటి చిత్రం అక్కడ సాధ్యమేనని నమ్మి ఆ నిలుచోటును వెతుకుతూ పట్టాలమీదికి పోయేవారు ఉండవచ్చు. ప్రకటన కూడా భద్రతలో భాగమే.

8. మనుషులు అడ్డైనప్పుడు:

అడ్డుల్లో మూడో తెరగు మనుషులు. పట్టాలను కాపాడే సిబ్బంది, బరువులు మోసే కూలీలు, తలుపు దగ్గర నిలబడిన ప్రయాణికులు ‘దృశ్యాన్ని పాడుచేసేవారు’గా తొలగింపుకు గురి అవుతుంటారు. ఇక్కడ ప్రశ్న సాంకేతికం కాదు. రైల్వే ఎవరి శ్రమతో నడుస్తుందో వారే దాని చిత్రంలోంచి పోతారు.

దీనికి చరిత్రలో పెద్ద హెచ్చరిక ఉంది. 1869 మే 10న అమెరికాలోని ప్రోమంటరీ సమ్మిట్ వద్ద తూర్పు, పడమర రైలుమార్గాలు కలిసినప్పుడు ఆండ్రూ జె. రసెల్ తీసిన చిత్రంలో రెండు ఇంజన్లు ఎదురెదురుగా, వాటి మధ్య కరచాలనాలు, చుట్టూ జనం కనిపిస్తారు. సెంట్రల్ పసిఫిక్ మార్గాన్ని కొండలు తొలిచి వేసినవారిలో అత్యధికులు చైనా కార్మికులు. ఆ ప్రసిద్ధ చిత్రంలో వారి జాడ దాదాపు లేదు. వారిని ఎవరూ కుంచెతో చెరపలేదు. చట్రంలోకి రానివ్వకపోవడమే సరిపోయింది. 2014లో ఛాయాచిత్రకారుడు కార్కీ లీ ఆ కార్మికుల వారసులను, ఇతర ఆసియా సంతతి అమెరికన్లను అదే చోట నిలబెట్టి మరో చిత్రం తీశాడు. ఒక లోపాన్ని నూటనలభై అయిదేళ్ల తర్వాత, తన పేరుతో, ప్రకటితంగా పూరించిన సందర్భమది. రసెల్ చిత్రం ఇంతటి నష్టాన్ని కత్తిరింపు జాతి దోషంతోనే కలిగించిందంటే, మనిషిని తుడిచి ఆ చోట గడ్డిని, కంకరను మొలిపించే నేటి పూరణ ఎంత నష్టం చేయగలదో ఊహించవచ్చు.

తెలుగు ముద్రణచరిత్రలో దీనికి సమాంతరం ‘రాధికాసాంత్వనము’. ముద్దుపళని కావ్యానికి ముందు వచ్చిన ముద్రణలో కొన్ని భాగాలు లోపించినట్లు గుర్తించి, బెంగుళూరు నాగరత్నమ్మ ప్రతిని సంపాదించి 1910లో సమగ్రంగా ప్రకటించింది. ఆ కావ్యం తర్వాత నిషేధానికి గురైంది, స్వాతంత్ర్యకాలంలో ఆ నిషేధం తొలగింది. ఒకరికి అనవసరమనిపించిన భాగం మరొకరికి కవయిత్రి ఉనికికే సాక్ష్యమని ఈ సందర్భం తెలుపుతుంది. నాగరత్నమ్మ చేసినది సాధ్యం కావడానికి ఒకే ఒక్క కారణం మూలప్రతి మిగిలి ఉండడం. సవరించిన చిత్రాన్ని మూలం మీదనే భద్రపరిచే నేటి అలవాటు ఆ అవకాశాన్నీ మూసేస్తుంది.

9. ప్రమాణాలు:

పై చర్చ ఆధారంగా తొలగింపు ఔచిత్యాన్ని నిర్ణయించడానికి నాలుగు ప్రశ్నలను ప్రతిపాదించవచ్చు.

అ) చిత్రం ఏమని చెప్పుకుంటున్నది? వార్తగా, చారిత్రకాధారంగా, పోటీకి యథార్థచిత్రంగా వచ్చినదానిలో పూరణకు చోటు లేదు. ఇంటిగోడకు, పుస్తకపు అట్టకు, కళాకల్పనగా వచ్చినదానిలో ఉంది.

ఆ) తీసినది వస్తువులో భాగమా? గాలికి ఎగిరివచ్చిన సంచి మరుక్షణం అక్కడ ఉండదు. తీగ, స్తంభం, సిగ్నల్ రైల్వేలో అంగాలు. మొదటిదానిని తీయడం దుమ్ము దులపడం వంటిది, రెండోదానిని తీయడం అంగచ్ఛేదం.

ఇ) తీసినందువల్ల ఎవరికి నష్టం? మనుషులున్నచోట ఈ ప్రశ్నే మొదటిదవుతుంది.

ఈ) మూలప్రతి భద్రంగా ఉందా, మార్పును ప్రకటించారా? ‘కుడివైపు స్తంభాన్ని తొలగించి, దాని వెనుక భాగాన్ని పూరించాం’ అనే ఒక్క వాక్యం చాలు. అది పీఠికలో పరిష్కర్త రాసే వాక్యం వంటిది. దానివల్ల చిత్రం అందం తగ్గదు, చూపరుల నమ్మకం మిగులుతుంది.

ఈ నాలుగింటిలో చివరిది మిగిలిన మూడింటికీ ఆధారం. మొదటి మూడింటిలో అభిప్రాయభేదానికి తావుంది. మూలప్రతి, ప్రకటన ఉన్నప్పుడు ఆ భేదాన్ని ఎవరైనా తర్వాత పరిశీలించి తేల్చుకోవచ్చు.

10. ముగింపు:

ఈ వ్యాసంలోని పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• ఇరుకు చోట తీసిన రైలు చిత్రంలోని అడ్డు, చిత్రకారులు ఎక్కడ నిలబడ్డారో చెప్పే సాక్ష్యం. మానే కంచె, మొనే సిగ్నల్ పలక దీనికి నిదర్శనాలు.

• కత్తిరింపు సంగ్రహం వంటిది, చీకటి గ్రంథపాతాన్ని చూపడం వంటిది. తొలగింపు ఈ రెండింటికీ భిన్నం. అది ఎల్లప్పుడూ పూరణే.

• పూరణ దోషం కాదు. ఎఱ్ఱన, భాగవత పూరకులు దీనిని నిరూపించారు. ప్రకటించని పూరణ ప్రక్షిప్తం, కాలక్రమంలో అది మాతృక స్థానాన్ని ఆక్రమిస్తుంది.

• ప్రాణాపాయం ఉన్నచోట తొలగింపు సమర్థనీయమే, దాని గురించిన మౌనం సమర్థనీయం కాదు.

• మనుషులను అడ్డుగా లెక్కించి చెరపడం రైల్వే చరిత్రలోని శ్రమను చెరపడమే.

ఆవిరి ఇంజన్ల కాలాన్ని అధ్యయనం చేసేవారికి ఈనాడు ఆధారం నాటి చిత్రాలే. వాటి మూలల్లో అనుకోకుండా మిగిలిన స్తంభం, కంచె, పేరు తెలియని కూలీ పరిశోధకులకు తేదీని, చోటును, జీవనాన్ని చెబుతున్నాయి. రాబోయే పరిశోధకులకు నేటి చిత్రాలూ అలాగే ఉపయోగపడాలంటే, అడ్డును ఉంచాలి, లేదా అడ్డు తీశామన్న మాటనైనా ఉంచాలి.